స్ఫియర్‌లో యూ2: ఒకే షో, సీటుకో మాట

(స్టూడియో చర్చకు అక్షర రూపం. పాల్గొన్నవారు: యాంకర్, లైవ్ సౌండ్ ఇంజినీరు, స్టేజ్ వీడియో డిజైనర్, రాక్ సంగీత విశ్లేషకుడు.)

యాంకర్: నమస్కారం. లాస్ వేగాస్‌లో స్ఫియర్ అనే గుండ్రటి అరీనా 2023 సెప్టెంబర్ 29న ఐర్లండ్ రాక్ బ్యాండ్ యూ2 కచేరీతో మొదలైంది. 2024 మార్చి 2 దాకా మొత్తం 40 షోలు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు కూడా చాలామంది చూసొచ్చారు. చూసినవాళ్ళ మాటలు వింటే వీళ్ళంతా వెళ్ళింది ఒకే షోకేనా అనిపిస్తుంది. సౌండ్ అద్దంలా ఉందని కొందరు, బాస్, అంటే దద్దరిల్లే కింది స్థాయి శబ్దం, గుండెకు తగల్లేదని కొందరు. తెర అద్భుతమని ఒకరంటే, తెర సగమే కనిపించిందని మరొకరు. ఎవరి మాట నమ్మాలి?

విశ్లేషకుడు: అందరి మాటా నమ్మొచ్చు. ఎక్కడ కూర్చున్నారో అడగండి, తగువులో పెద్ద భాగం అక్కడే తేలిపోతుంది. మామూలు అరీనాలో కూడా సీటును బట్టి తేడా ఉంటుంది కానీ, ఇక్కడున్నంత ఉండదు.

యాంకర్: తెర సగమే కనిపించిందన్న ఫిర్యాదు చూద్దాం. అంత పెద్ద తెర కనపడకుండా ఎలా పోతుంది మేడమ్?

వీడియో డిజైనర్: నెత్తిమీద బాల్కనీ అడ్డొచ్చి. లోపలి తెర 1,60,000 చదరపు అడుగులు. స్టేజీ వెనక మొదలై, రెండు పక్కలా చుట్టుకుని, పైకి వంగి మన తలమీదికి వస్తుంది. సీట్లు కింద నుంచి 100, 200, 300, 400 అని నాలుగు శ్రేణులు. 100 శ్రేణిలో వెనక వరుసల మీదికి పై బాల్కనీ చూరులా వచ్చేసి ఉంటుంది. దాని కింద కూర్చుంటే బ్యాండ్ బాగానే కనిపిస్తుంది, తెర కింది భాగమూ కనిపిస్తుంది. పైన మాత్రం కత్తిరించినట్టు ఆగిపోతుంది. ఈ షోలో అసలు పనంతా ఆ పైభాగంలోనే జరిగింది.

యాంకర్: ఉదాహరణకు?

వీడియో డిజైనర్: లోపలికి వెళ్ళగానే తెర తెరలా కనిపించదు. పాత కాంక్రీటు గుమ్మటం కింద నిలబడ్డట్టు ఉంటుంది. మొదటి పాట 'జూ స్టేషన్'లో ఆ గోడ శిలువ ఆకారంలో పగులుతుంది, సందుల్లోంచి వెలుగు వస్తుంది. రెండో పాట 'ద ఫ్లై'లో పైకప్పు మీదికి దిగుతున్నట్టు చేస్తారు. చూరు కింద ఉన్నవాడికి పైకప్పే లేదు, ఇక అది దిగడమేమిటి? అందుకే టికెట్ కొనేటప్పుడు 100 శ్రేణి అయితే ముందు వరుసలే చూసుకోవాలి. వెనక వరుసలు 'స్టేజీకి దగ్గర' అన్న పేరుతో అమ్ముడవుతాయి. దగ్గరే, కాదనను. కానీ ఈ షోకు అది తప్పు సీటు.

విశ్లేషకుడు: అభిమానుల్లో ఎక్కువమంది 200, 300 శ్రేణుల మధ్య భాగాన్ని, అంటే 206, 306 సెక్షన్ల చుట్టుపక్కల సీట్లని మెచ్చుకుంటారు.

వీడియో డిజైనర్: దానికి కారణముంది. వంగిన తెరమీద సరళరేఖ సరళంగా కనిపించాలంటే బొమ్మను ముందే వంచి పంపాలి. ఎక్కడ కూర్చున్నవాడి కంటికి లెక్కగట్టి వంచాలి? సుమారుగా మధ్యలో, మధ్య ఎత్తులో ఉన్నవాడికి. అంచు సెక్షన్లకు వెళ్ళేకొద్దీ నిలువుగా ఉండాల్సిన స్తంభం వాలుతుంది, చదునుగా ఉండాల్సిన నేల ఒక పక్కకు ఒరుగుతుంది. కొండలూ మేఘాలూ పొగా అయితే ఎవరికీ తెలీదు. భవనాలు, గదుల మూలలు వచ్చినప్పుడే దొరికిపోతుంది.

యాంకర్: కళ్ళు తిరిగాయని చెప్పినవాళ్ళు కూడా ఉన్నారు కదా.

వీడియో డిజైనర్: 'ఈవెన్ బెటర్ దాన్ ద రియల్ థింగ్' దగ్గర. వీడియో కళాకారుడు మార్కో బ్రాంబిల్లా బొమ్మలు అతికి చేసిన కొలాజ్ అది, గాయకుడు ఎల్విస్ బొమ్మలతో, వేగాస్ హంగులతో కిక్కిరిసి ఉంటుంది. బొమ్మ మొత్తం కిందికి జారుతూ ఉంటుంది. చూపు పరిధి అంతా ఒకే దిక్కుకు కదిలితే మెదడు బొమ్మ కదిలిందనుకోదు, నేనే కదిలాననుకుంటుంది. పక్క రైలు కదిలితే మన రైలు కదిలినట్టు ఉంటుందే, అదే సంగతి. స్టేజీ లిఫ్టులా పైకి వెళ్తున్నట్టు అనిపిస్తుంది. చెవిలో సమతౌల్యం చూసే అవయవం మాత్రం నువ్వు కదల్లేదని చెబుతుంది. ఆ రెంటికీ పొత్తు కుదరక తల తిరుగుతుంది. అలాంటప్పుడు కళ్ళు మూసుకోనక్కర్లేదు. కదలని వస్తువు మీద, ముందు సీటు వీపు మీదో స్టేజీ అంచు మీదో, కాసేపు చూపు నిలిపితే సర్దుకుంటుంది. 400 శ్రేణిలో మెట్లు బాగా నిటారుగా ఉంటాయి కాబట్టి ఎత్తంటే భయమున్నవాళ్ళు అటు పోకపోవడమే మేలు.

యాంకర్: ఇక సౌండ్. సార్, గుమ్మటంలో రాక్ కచేరీ అంటేనే వింతగా లేదా? గోల్కొండలో ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలా హిసార్ దాకా వినిపిస్తుంది కదా.

సౌండ్ ఇంజినీరు: సరిగ్గా ఆ గుణమే ఇక్కడ శత్రువు. లోపలికి వంగిన గోడ శబ్దాన్ని చెదరగొట్టదు, పోగుచేసి ఒకచోట పడేస్తుంది. డ్రమ్ మీద ఒక్క దెబ్బ పడితే ఒక సీటుకు రెండు దెబ్బలు, ఇంకో సీటుకు ముద్ద. క్రీడల కోసం కట్టిన మామూలు అరీనాల్లోనే కాంక్రీటు, రేకు కప్పు వల్ల ప్రతిధ్వని రెండు మూడు సెకన్లు సాగుతుంది. గుమ్మటంలో అది ఇంకా కష్టం. పైగా గోడ నిండా ఎల్ఈడీ తెర ఉంది, పరదాలు వేలాడదీసే చోటే లేదు.

యాంకర్: మరి ఎలా నెగ్గారు?

సౌండ్ ఇంజినీరు: తెరకు సన్నటి రంధ్రాలున్నాయి, శబ్దం అందులోంచి వెళ్తుంది. స్పీకర్లు దాదాపు అన్నీ తెర వెనకే. బెర్లిన్‌కు చెందిన హోలోప్లాట్ కంపెనీ వ్యవస్థ అది. శాశ్వతంగా బిగించిన మాడ్యూళ్ళు సుమారు 1,600, విడివిడి స్పీకర్ డ్రైవర్లు 1,67,000. లెక్క గొప్ప కోసం చెప్పడం లేదు. చిన్న స్పీకర్లను వేల సంఖ్యలో పక్కపక్కన పెట్టి, ఒక్కోదానికి మిల్లీసెకన్లలో తేడాతో సిగ్నల్ పంపితే శబ్దాన్ని టార్చిలైటులా ఒక దిక్కుకు తిప్పొచ్చు. మనుషులున్న వరుసల మీదికి పంపి, ఖాళీ గోడ మీదికి పోకుండా ఆపొచ్చు. గోడకు తగలని శబ్దం తిరిగి రాదు. గాయకుడు బోనో పాడే మాటలు చివరి వరుసలో కూడా అక్షరం అక్షరం వినిపించాయని చెబుతున్నది అందుకే.

విశ్లేషకుడు: కానీ బాస్ సంగతి?

సౌండ్ ఇంజినీరు: వస్తున్నా. ఈ దిక్కు తిప్పే విద్య పై స్థాయి శబ్దాలకు, అంటే సన్నటి కీచు స్వరాలకు, బాగా పనిచేస్తుంది. బాస్ గిటార్ కింది తీగ సుమారు 41 హెర్ట్జ్. దాని తరంగం పొడవు ఎనిమిది మీటర్ల పైచిలుకు. అంత పొడుగు తరంగాన్ని తిప్పాలంటే స్పీకర్ల వరుస కూడా ఆ స్థాయిలో ఉండాలి. మామూలు టూరులో ఏం చేస్తారు? స్టేజీకి కుడి ఎడమల సబ్‌వూఫర్లు, అంటే బాస్ స్పీకర్లు, గుట్టలు పేరుస్తారు. సరిగ్గా మధ్యలో నిలబడ్డవాడికి రెండు గుట్టల శబ్దం ఒకేసారి చేరి రెట్టింపై తన్నుతుంది. నాలుగడుగులు పక్కకు జరిగితే రెంటికీ దూరం తేడా వస్తుంది. ఆ తేడా తరంగంలో సగం, అంటే నాలుగు మీటర్ల చిల్లర అయినచోట ఒకటి ఎగదోస్తే రెండోది దిగలాగుతుంది. ఆ స్వరం అక్కడ మాయం. పక్క స్వరం మాత్రం వినిపిస్తుంది. బాస్ లైనులో ఒక స్వరం మోగి తర్వాతిది పోయిందంటే బ్యాండ్ తప్పు కాదు, మీరు నిలబడ్డ చోటు తప్పు. నిలబడే టికెట్ అయితే ఒకటి రెండు మీటర్లు జరిగి చూడండి.

విశ్లేషకుడు: అయితే స్ఫియర్లో బాస్ తక్కువన్నవాళ్ళు?

సౌండ్ ఇంజినీరు: వాళ్ళు మామూలు అరీనాకు అలవాటుపడ్డ అభిమానులు. అక్కడ గదే తన మోత కలిపి బాస్‌ను పెంచి ఇస్తుంది. ఇక్కడ గది అంతగా కలపదు. శుభ్రంగా ఉన్నది పలచగా అనిపిస్తుంది. ఇది నా అభిప్రాయం, వాదించుకోవచ్చు.

విశ్లేషకుడు: వాదిస్తాను. రాక్ కచేరీలో కాస్త మురికి ఉండాలి సార్. గిటారిస్టు ఎడ్జ్ వాడే డిలేలు, అంటే ఒకే స్వరాన్ని మళ్ళీ మళ్ళీ పలికించే ఎఫెక్టులు, ఒకదాని మీద ఒకటి పడి గది నిండిపోవాలి. స్ఫియర్లో ప్రతి రిపీటూ విడిగా వినిపించింది, బాగుంది. అయినా పెద్ద హెడ్‌ఫోన్ పెట్టుకున్నట్టుందని చాలామంది పాత అభిమానులు అన్న మాటలో నిజముంది. స్టేజీ మీద ఆంప్లిఫయర్ల గోడ కనిపించదు, స్పీకర్ గుట్టలు వేలాడవు. కంటికి బరువు లేనప్పుడు చెవికి కూడా తేలికే అనిపిస్తుంది.

సౌండ్ ఇంజినీరు: అది కన్ను చేసే మోసం. దాన్ని సర్దడానికి నా మిక్సర్ మీద ఫేడర్ మీట లేదు.

యాంకర్: (నవ్వు) బోనో ముఖం తెరమీద భారీగా వచ్చినప్పుడు పెదాల కదలికకూ మాటకూ పొంతన కుదరలేదన్న ఫిర్యాదు?

సౌండ్ ఇంజినీరు: శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. 34 మీటర్ల దూరానికి సెకనులో పదో వంతు. కెమెరా నుంచి ప్రాసెసర్ల గుండా తెరకు రావడానికి వీడియోకు కూడా కొంత ఆలస్యం తప్పదు. ముందున్నవాడికి శబ్దం ముందు, బొమ్మ తర్వాత. దూరంగా ఉన్నవాడికి ఆ రెండూ కలిసిపోతాయి. ఇంకా దూరమైతే బొమ్మే ముందు. అందరికీ ఒకేసారి సరిచేయడం కుదరదు, మధ్య సీట్లకు సరిపెడతారు.

యాంకర్: బ్యాండ్ సంగతి అసలు రాలేదు. తెర బ్యాండ్‌ను మింగేసిందనేది పెద్ద విమర్శ.

విశ్లేషకుడు: దానికి ముందు సెట్ ఎలా అల్లారో చూడాలి. 1991 నాటి 'అక్తుంగ్ బేబీ' ఆల్బమ్ మొత్తం వాయించారు. తొలి రాత్రి 22 పాటలు. ఆల్బమ్‌లోంచి ఎనిమిది, మధ్యలో వాద్యాలు బాగా తగ్గించి నాలుగు, మళ్ళీ ఆల్బమ్‌లో మిగిలిన నాలుగు, చివర ఇతర హిట్లు ఆరు. స్టేజీ అంటే సంగీతకారుడు బ్రయన్ ఈనో రూపొందించిన రంగులు మారే టర్న్‌టేబుల్ ఆధారంగా చేసిన పెద్ద పలక, అంతే. మధ్య నాలుగు పాటల్లో తెరను అణచి పెట్టారు. నలుగురే కనిపిస్తారు. ఆ భాగం నీరసమని అన్నది బొమ్మల కోసం వచ్చినవాళ్ళు. అదే ప్రాణమని అన్నది బ్యాండ్ కోసం వచ్చినవాళ్ళు. నా ఓటు రెండోవాళ్ళకు.

వీడియో డిజైనర్: షో డైరెక్టర్ విలీ విలియమ్స్ 1992 జూ టీవీ టూరు కూడా చేసినవాడే. అప్పుడు కావాలనే తెరల గందరగోళంతో జనాన్ని ఉక్కిరిబిక్కిరి చేశారు, టీవీ యుగం మీద వెటకారం అది. ఆ ఆల్బమ్‌నే ఇంత పెద్ద తెర ముందు పెట్టడం అనుకోకుండా జరిగింది కాదు. అందుకే తెర మింగేసింది అనడం సగం నిజం. 'వేర్ ద స్ట్రీట్స్ హావ్ నో నేమ్'లో కళాకారుడు జాన్ జెరార్డ్ చేసిన జెండా చూడండి. ఎడారిలో తెల్లటి ఆవిరే జెండాగా ఎగురుతుంది. ఇంకేమీ లేదు. బొమ్మ తక్కువ, పాటకు చోటు ఎక్కువ. 'అటామిక్ సిటీ'లో గోడలు పోయి బయట వేగాస్ కనిపిస్తున్నట్టు మొదలై, భవనాలు ఒక్కోటీ కూలకుండా వెనక్కి విడిపోయి ఎడారి మిగులుతుంది. అక్కడ బ్యాండ్‌ను ఎవరూ చూడరు, ఒప్పుకుంటాను.

యాంకర్: డ్రమ్స్ మీద బ్యాండ్ అసలు డ్రమ్మర్ లారీ ముల్లెన్ లేడు.

విశ్లేషకుడు: ఆరోగ్య కారణాలతో. క్రెజిప్ అనే డచ్ బ్యాండ్ డ్రమ్మర్ బ్రామ్ వాన్ డెన్ బెర్గ్ వాయించాడు. లారీది సైనిక కవాతు తీరు, స్నేర్ డ్రమ్ బిగువుగా, అనవసరమైన అలంకారం లేకుండా. బ్రామ్ ఆ భాగాల్ని యథాతథంగా నిలబెట్టాడు, అంచుల్లో కాస్త ఎక్కువ కొట్టాడు. చెవి పెట్టి వినేవాళ్ళకు 'సండే బ్లడీ సండే' లేని సెట్ కావడం కలిసొచ్చింది, లారీ ముద్ర అన్నిటికంటే బలంగా ఉన్నది దాంట్లోనే కాబట్టి.

యాంకర్: నేలమీద నిలబడే టికెట్ తీసుకునేవాళ్ళకు?

వీడియో డిజైనర్: స్టేజీ అంచుకు అతుక్కుపోతే బ్యాండ్ చేతికందేంత దగ్గర. తెర చూడాలంటే మాత్రం మెడ విరవాలి. సగానికి వెనక, మధ్యలో నిలబడితే రెండూ దక్కుతాయి. అక్కడ కూడా మరీ వెనక్కి పోవద్దు.

సౌండ్ ఇంజినీరు: మామూలు అరీనాల్లో ముందు వరుసకు ఒక చిక్కు ఉంది. పైన వేలాడే స్పీకర్లు వాళ్ళ తలమీదుగా వెనక్కి చూస్తుంటాయి. స్టేజీ అంచున పెట్టే చిన్న ఫిల్ స్పీకర్లు సరిగా పెట్టకపోతే గొంతు వెనకబడి డ్రమ్సే వినిపిస్తాయి. మన దగ్గర బహిరంగ మైదానాల్లో జరిగే కచేరీల్లోనూ ఇదే చూస్తుంటాం. అక్కడ ప్రతిధ్వని బాధ లేదు గానీ గాలి వీస్తే పై స్థాయి శబ్దాలు ఊగుతాయి. వెనకవాళ్ళ కోసం స్పీకర్లు పెట్టే డిలే టవర్లకు ఆలస్యం లెక్క తప్పితే ప్రతి మాటా రెండుసార్లు పడుతుంది.

యాంకర్: ఫోన్లో తీసిన వీడియోల్లో తెరమీద చారలు ఎందుకు?

వీడియో డిజైనర్: ఎల్ఈడీ వెలుగు నిరంతరం ఉండదు, మిణుకుతుంది. ఫోన్ షట్టర్ దానితో కుదరకపోతే చారలు. సెకనుకు 60 ఫ్రేములకు పెట్టి, ప్రో మోడ్ ఉంటే షట్టర్ 1/60కి దించండి. తెర మీద వేలు నొక్కి ఫోకస్, వెలుగు లాక్ చేసి, వెలుగు ఒక మెట్టు తగ్గించండి. లేకపోతే ఫోన్ చీకటి జనాన్ని చూసి వెలుగు పెంచేస్తుంది, తెర తెల్లగా పాలిపోతుంది. జూమ్ చేస్తే రంగురంగుల అలలు వస్తాయి, వైడ్‌లోనే తీయండి.

సౌండ్ ఇంజినీరు: రికార్డయిన సౌండ్ గురించి ఆశ పెట్టుకోవద్దు, ఫోన్ మైకులో శబ్దం పగిలిపోతుంది. చెవులు పగలకుండా మాత్రం చూసుకోండి. పనిచోట ఆరోగ్యం చూసే అమెరికా సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు ఎనిమిది గంటలు వినొచ్చు, ప్రతి మూడు డెసిబెల్స్‌కు సమయం సగం. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలు. షో రెండు గంటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2022లో వేదికలకు 15 నిమిషాల సగటు 100 దాటొద్దని ప్రమాణం పెట్టింది. ఫోమ్ ప్లగ్గులు పై స్థాయిలనే ఎక్కువ కోసి అంతా దుప్పటి కప్పినట్టు చేస్తాయి. సంగీతం కోసం చేసిన ఫిల్టర్ ప్లగ్గులు అన్ని స్థాయిల్ని సమానంగా తగ్గిస్తాయి. ఫోమ్‌వే తీసుకుంటే సన్నగా నులిమి, చెవిని రెండో చేత్తో పైకి వెనక్కి లాగి లోపలికి దూర్చి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో ఆపాలి. బయటికి తొంగి చూస్తున్న ప్లగ్గు పెట్టుకున్నా లేనట్టే.

యాంకర్: పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు?

సౌండ్ ఇంజినీరు: వాళ్ళకు ప్లగ్గులు నిలవవు, చెవుల మీద మఫ్స్ పెట్టండి. ఇంట్లో ముందే ఓ అరగంట పెట్టి అలవాటు చేయకపోతే, రెండో పాటకే తీసి పారేస్తారు.