పదాలను పారేసే నిఘంటువు

సభాధ్యక్షులకు, తోటి అధ్యాపకులకు, ఇంగ్లీషు ఆనర్సు విద్యార్థులకు నమస్కారం.

ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషుతో రోజులు గడిపే మీతో డిస్టోపియా నవలల గురించి, అంటే మనుషులు నలిగిపోయే చెడ్డ లోకాన్ని ఊహించి రాసిన నవలల గురించి, మాట్లాడమని పిలిచినప్పుడు, ఎక్కడ మొదలుపెట్టాలా అని నేను వెతుక్కోలేదు. మన ఈ పర్లాకిమిడి పేరు వినగానే నాకు గుర్తుకు వచ్చే పెద్దమనిషి ఒక నిఘంటుకారుడు. ఈ నవలల్లో నన్ను అందరికన్నా ఎక్కువ భయపెట్టిన పాత్ర కూడా ఒక నిఘంటుకారుడే. ఆ ఇద్దరి దగ్గరికి వచ్చే ముందు విషయాన్ని కొంచెం సర్దుకుందాం.

1516లో థామస్ మోర్ తాను ఊహించిన ద్వీపానికి 'ఎక్కడా లేని చోటు' అనే అర్థం వచ్చేలా యుటోపియా అని పేరు పెట్టాడు. 1868లో జాన్ స్టూవర్ట్ మిల్ బ్రిటిష్ పార్లమెంటులో ఐర్లండు విషయమై ప్రభుత్వ విధానాన్ని ఎండగడుతూ ఆ మాటను తిరగేసి, వీళ్లను డిస్టోపియన్లు అనాలి అన్నాడు. పేరు చరిత్ర మనకు ఇంతవరకు చాలు, తక్కినది గైడుల్లో దొరుకుతుంది.

గైడుల్లో దొరకనిది ఒకటుంది. డిస్టోపియా నవలలో సమాజ విలువలను చర్చించమని ప్రశ్న ఇస్తే, నేను దిద్దిన జవాబు పత్రాల్లో నూటికి తొంభై ఒకే పాట పాడతాయి: ప్రభుత్వం క్రూరమైనది, మనుషులకు స్వేచ్ఛ లేదు, విలువలు నశించాయి. మొదటి రెండు మాటలతో నాకు పేచీ లేదు. మూడోదానితో ఉంది. విలువలు నశించిన సమాజం ఈ నవలల్లో నాకు ఎక్కడా కనబడలేదు. ఒక విలువ, అదీ మనం పిల్లలకు ఇంట్లో నేర్పే మంచి విలువే, పక్కనున్న విలువల తిండి కూడా తానే తిని బలిసిపోవడం మాత్రం అన్నిటా కనబడింది.

ఆల్డస్ హక్స్‌లీ 1932లో ప్రచురించిన 'బ్రేవ్ న్యూ వరల్డ్'లో రాజ్య నినాదం మూడు మాటలు: సమష్టి, గుర్తింపు, స్థిరత్వం. మన పంచాయతీ ఆఫీసు గోడ మీద రాసినా ఎవరూ అభ్యంతర పెట్టరు. ఆ లోకంలో ఆకలి లేదు, ముసలితనపు అవస్థ లేదు, మనసు బాగోలేకపోతే సోమ అనే మాత్ర ఉంది. అయితే అక్కడ 'అమ్మ' అన్నది నలుగురిలో పలకకూడని బూతు మాట. తల్లి ఉంటే మమకారం ఉంటుంది, మమకారం ఉంటే ఏడుపు ఉంటుంది, ఏడుపు ఉన్నచోట స్థిరత్వం ఉండదు అని వాళ్ల లెక్క. స్థిరత్వానికి ఆ సమాజం ఎంత ధర చెల్లించిందో ఆ ఒక్క బూతు మాట చెబుతుంది.

జార్జ్ ఆర్వెల్ 1949 నాటి నవల '1984'లో పార్సన్స్ అనే గుమాస్తా ఉన్నాడు. చెమటోడ్చి పనిచేసే, దేశాన్ని ఏలే పార్టీ చెప్పిన ప్రతిదీ నమ్మే మనిషి. నిద్రలో నాయకుడికి వ్యతిరేకంగా ఏదో పలవరిస్తే, ఏడేళ్ల కూతురు తాళపుచెవి కన్నం దగ్గర చెవి పెట్టి విని, మర్నాడే గస్తీవాళ్లకు చెప్పేసింది. జైలు గదిలో పార్సన్స్ కథానాయకుడు విన్‌స్టన్‌తో మాట్లాడే తీరు చూడండి. భయంతో వణుకుతూనే, కూతురి మీద కోపం లేదని, తన పెంపకం సరిగా ఉందనడానికి ఇదే సాక్ష్యమని, ఆమెను చూస్తే గర్వంగా ఉందని అంటాడు. పెంపకం, నిజాయితీ, క్రమశిక్షణ, కన్నబిడ్డను చూసి పొంగిపోయే తండ్రి గుండె: అన్నీ అక్కడ ఉన్నాయి. మా అమ్మాయి అబద్ధం ఆడదండీ అని మనం చుట్టాల ముందు చెప్పుకునే గొంతే అది. ఈ ఘట్టం చదివాక విలువలు నశించాయని ఎలా రాయగలం?

ఇక నిఘంటుకారుడు. అదే నవలలో సైమ్ అనే పండితుడు, ఇంగ్లీషును కుదించి పార్టీ తెస్తున్న న్యూస్పీక్ అనే భాషకు నిఘంటువు పదకొండో కూర్పు తయారుచేస్తున్నాడు. నేలమాళిగ క్యాంటీన్‌లో, గోల మధ్య, ఒక చేత్తో రొట్టెముక్క, ఇంకో చేత్తో జున్నుముక్క పట్టుకుని, అరవకుండా వినబడేలా బల్ల మీదికి వంగి తన పని గురించి చెబుతాడు. కొత్త పదాలు పుట్టించడమే మా పని అనుకుంటున్నావేమో, మేము రోజూ పదాలను చంపుతున్నాం అంటాడు. 'మంచి' ఉన్నాక 'చెడు' ఎందుకు, 'అమంచి' అంటే సరిపోదా? ఆ మాట చెప్పేటప్పుడు అతని ముఖం వెలిగిపోతుంది. భాష మీద అతని ప్రేమలో నటన లేదు, అందుకే నాకు భయం. కొన్నాళ్లకు సైమ్ మాయమవుతాడు. చదరంగ సంఘం సభ్యుల జాబితా ఎప్పటిలాగే గోడకు అంటించి ఉంటుంది, ఒక పేరు మాత్రం తక్కువ. పదాలను తీసేసినవాణ్ణి పదాన్ని తీసేసినట్టే తీసేశారు.

ఇప్పుడు మన ఊరి వైపు చూడండి. ఇక్కడి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు, చుట్టుపక్కల కొండల్లోని సవరల భాషను నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పించి, దశాబ్దాల పాటు ఒక్కొక్క పదమూ కూర్చుకున్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై ఈ పట్టణం అందులో చేరాక ఆయన రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో మద్రాసులో అచ్చయింది. ఆ సరిహద్దు గీత వేసిన 1936లోనే మంగై గొమాంగో సవర భాషకు సొంత లిపిని తయారుచేశారన్నది నాకు ఎప్పుడూ ముచ్చట గొలిపే సంగతి. భాషా ప్రేమ సైమ్‌కూ ఉంది, గిడుగు వారికీ ఉంది. మీరు జవాబులో తూచవలసినది ఆ ప్రేమ ఎవరి నోట మాట పెట్టింది, ఎవరి నోట మాట తీసేసింది అన్నదాన్ని.

మీకు ఒక చిన్న అభ్యాసం. న్యూస్పీక్‌లో 'ఫ్రీ' అనే మాట పూర్తిగా చావలేదు. ఈ కుక్క పేల నుంచి ఫ్రీ అనే అర్థంలో మిగిలింది, రాజకీయ స్వేచ్ఛ అనే అర్థం మాత్రం పోయింది. దీన్ని తెలుగు చేయమంటే ఒక విద్యార్థి 'ఈ కుక్కకు పేల నుంచి స్వాతంత్ర్యం వచ్చింది' అని రాశాడు, తరగతి అంతా నవ్వింది. తెలుగులో మనం కుక్కకు పేలు లేవంటాం, అంతే; పేలకూ స్వేచ్ఛకూ మన భాషలో చుట్టరికం లేదు. ఒకే మాట రెంటికీ పనిచేసే ఇంగ్లీషులో ఆ కుట్ర ఎంత సులువుగా సాగుతుందో ఆ తప్పు అనువాదం వల్లే మాకు అర్థమైంది. రెండు మూడు భాషల మధ్య పెరిగిన మీకు ఈ నవలలు చదవడంలో ఉన్న మేలు ఇదే.

రే బ్రాడ్‌బరీ 1953లో రాసిన 'ఫారన్‌హీట్ 451' గురించి ఒక్క మాట. పుస్తకాలు తగలబెట్టే దళం అధికారి బియాటీ, ఇది సర్కారు పైనుంచి రుద్దింది కాదని, ఎవరి మనసూ నొచ్చుకోకూడదని జనమే పుస్తకాలను పలచన చేసుకుంటూ వచ్చారని వివరిస్తాడు. అతడు దుర్మార్గుడే, అయినా అతని మాటను తోసిపుచ్చే ముందు రెండుసార్లు చదవండి. నొప్పించకపోవడం మనందరం మెచ్చే మర్యాద.

'1984' చదివేవాళ్లలో చాలామంది కథ ముగియగానే పుస్తకం మూసేస్తారు. వెనుక న్యూస్పీక్ సూత్రాల మీద ఒక అనుబంధం ఉంది. అమెరికాలో ఒక పుస్తకాల క్లబ్బు దాన్ని తీసేస్తే నవలను తన సభ్యులకు అందిస్తామన్నా ఆర్వెల్ ఒప్పుకోలేదు. ఆ అనుబంధం మామూలు ఇంగ్లీషులో, భూతకాలంలో, అంతా గడిచిపోయిన సంగతిలా ఉంటుంది. న్యూస్పీక్ పూర్తిగా అమలు కావడానికి 2050 దాకా గడువు ఎందుకు పెట్టుకున్నారో దాని చివరి వాక్యంలో ఉంది. షేక్‌స్పియర్‌నూ మిల్టన్‌నూ డికెన్స్‌నూ ఆ కుదించిన భాషలోకి తర్జుమా చేయడం చాలా నెమ్మదిగా, కష్టంగా సాగుతోందట. వచ్చే తరగతికి ఆ అనుబంధం చదివి రండి, మొదటి పేరా తెలుగులోకి, చేతనైనవాళ్లు ఒడియాలోకి, మార్చి తీసుకురండి.