చివరి మేకు ఎవరు కొట్టారు?

అందరికీ నమస్కారం.

రైలు మార్గం పూర్తయినప్పుడు జరిపే వేడుకల గురించి మాట్లాడమన్నారు. అసలు సంగతి ముందే చెప్పేస్తాను. చరిత్రలో అన్నిటికంటే పేరు మోసిన రైలు మేకు అమెరికాలో 1869లో వాడిన బంగారు మేకు. అది ఒక్క రోజు కూడా ఏ పట్టానూ పట్టి ఉంచలేదు. నిజానికి దాన్ని కొట్టనూ లేదు. పట్టాల కింద పెట్టిన లారెల్ చెక్క స్లీపరుకు ముందుగానే రంధ్రాలు తొలిచి ఉంచారు. మేకును అందులో దించి, వెండి పూత పూసిన సమ్మెటతో అలా తాకించి, కాసేపటికి తీసి దాచేశారు. ఇప్పుడది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉంది.

ఈ వేడుకలను నేను నాటకాలుగా చూస్తాను. అన్నీ అబద్ధాలని నా ఉద్దేశం కాదు. లోకం తనను ఎలా గుర్తుపెట్టుకోవాలని రైలు కంపెనీ కోరుకుందో అక్కడ ఆడి చూపించింది. అందుకే సమ్మెట ఎవరి చేతికి ఇచ్చారు, ఫోటోలో ఎవరు లేకుండా పోయారు అన్నది చూస్తే చాలా విషయాలు బయటపడతాయి.

ఆ బంగారు మేకు వేడుక జరిగిన యూటాలోని ప్రోమాంటరీ సమ్మిట్‌కే వెళ్దాం. అమెరికా తూర్పు పడమరలను కలిపే రైలు మార్గం కోసం పడమటి నుంచి సెంట్రల్ పసిఫిక్ కంపెనీ శాక్రమెంటోలో మొదలుపెట్టి సుమారు 690 మైళ్లు, తూర్పు నుంచి యూనియన్ పసిఫిక్ కంపెనీ ఒమాహాలో మొదలుపెట్టి సుమారు 1,086 మైళ్లు వేసుకుంటూ వచ్చాయి. ప్రభుత్వం మైలుకు ఇంతని బాండ్లు ఇచ్చేది. చదును నేలమీద 16,000 డాలర్లు, కొండల్లో 48,000. మైలు పెరిగితే డబ్బు పెరుగుతుంది కదా, ఇంక ఆగడం దేనికి? రెండు కంపెనీల మట్టిపని ముఠాలు ఎదురుపడ్డాక కూడా ఆగలేదు. ఒకరిని ఒకరు దాటుకుని, పక్కపక్కనే కట్టలు పోసుకుంటూ పోయారు. చివరికి 1869 ఏప్రిల్‌లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ కల్పించుకుని ఎక్కడ కలవాలో తేల్చింది. వేడుక జరిగిన చోటికి ఉన్న ప్రత్యేకత అంతే.

మే 8న వేడుక అనుకున్నారు. బంగారు మేకు మీద పూర్తయిన తేదీగా అదే చెక్కించారు కూడా. యూనియన్ పసిఫిక్ పెద్దమనిషి థామస్ డ్యురాంట్ రైల్లో వస్తున్నాడు. జీతం బకాయిలు పడ్డ కార్మికులు దారిలో పీడ్‌మాంట్ దగ్గర ఆయన బోగీని ఆపేశారు. డబ్బు వచ్చేదాకా కదలనివ్వలేదు. దానికి తోడు వానలకు దారి పాడైంది. వేడుక మే 10కి వాయిదా పడింది. శాన్‌ఫ్రాన్సిస్కో మాత్రం ఆగలేక 8వ తేదీనే పండుగ చేసేసుకుంది. ఈ వేడుకలో కార్మికుల పాత్ర ఏమిటని ఎవరైనా అడిగితే, బంగారు మేకు మీద తేదీ తప్పయ్యేలా చేశారు అని నేను జవాబు చెబుతాను.

బంగారు, వెండి మేకుల తంతు అయ్యాక మామూలు ఇనుప మేకు వంతు వచ్చింది. దానికీ సమ్మెటకూ టెలిగ్రాఫ్ తీగ చుట్టారు. దెబ్బ పడిన క్షణమే దేశమంతటా టెలిగ్రాఫ్ ఆఫీసుల్లో చప్పుడు వినిపించాలన్నది ఏర్పాటు. కాలిఫోర్నియా మాజీ గవర్నరు, సెంట్రల్ పసిఫిక్ కంపెనీ అధ్యక్షుడు లీలాండ్ స్టాన్‌ఫర్డ్ సమ్మెట ఎత్తాడు. గురి తప్పిందని అంటారు. టెలిగ్రాఫ్ ఆపరేటర్ మాత్రం తన మీట నొక్కి, ‘అయిపోయింది’ అని కబురు పంపేశాడు. ఊరూరా గంటలు మోగాయి. దూరంగా ఉన్నవాళ్లకు దెబ్బ తగిలిందా లేదా అన్నది అనవసరం. వార్త అందింది, అంతే.

సియెర్రా నెవాడా కొండల్లో సొరంగాలు తొలిచింది ఎక్కువగా చైనా కార్మికులు. సెంట్రల్ పసిఫిక్ మొత్తం మీద పది వేలకు పైగా చైనీయులను పనిలో పెట్టుకుంది. 1867 జూన్‌లో కూలి పెంచమని వాళ్లు సమ్మె కట్టారు. కంపెనీ వాళ్లకు తిండి సరుకులు ఆపేసి లొంగదీసింది. ప్రోమాంటరీలో చివరి పట్టాను మోసుకొచ్చి వేసిన వాళ్లలోనూ చైనీయులు ఉన్నారు. ఆ రోజు పని పర్యవేక్షించిన స్ట్రోబ్రిడ్జ్ వాళ్లను తన బోగీలోకి భోజనానికి పిలిచాడు, అక్కడున్న అతిథులు జేజేలు కొట్టారు. ఇది కూడా జరిగిన సంగతే, దాచకూడదు. కానీ రెండు ఇంజన్లు ఎదురెదురుగా నిలబడి, మధ్యలో ఇంజనీర్లు చేతులు కలుపుతున్న ఆండ్రూ రస్సెల్ ఫోటో ఉంది చూశారా, లోకమంతా చూసిన ఆ ఫోటోలో చైనీయులు కనబడరు. భోజనానికి ఉన్న చోటు ఫోటోలో లేకపోయింది.

డబ్బు ఖర్చు పెట్టి చేసిన వేడుకల్లో మరొకటి నార్తర్న్ పసిఫిక్ వాళ్లది. 1883 సెప్టెంబరులో మోంటానాలోని గోల్డ్ క్రీక్ దగ్గరకు అధ్యక్షుడు హెన్రీ విల్లార్డ్ ఐరోపా నుంచి కూడా అతిథులను ప్రత్యేక రైళ్లలో రప్పించాడు. మాజీ దేశాధ్యక్షుడు గ్రాంట్ కూడా వచ్చాడు. నాలుగు నెలలు తిరక్కుండానే, 1884 జనవరిలో, విల్లార్డ్ పదవి ఊడింది. కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది మరి.

అది చూసి బుద్ధి తెచ్చుకున్నారో ఏమో, కెనడియన్ పసిఫిక్ వాళ్లు హంగామా పెట్టుకోలేదు. వాళ్ల దగ్గరా డబ్బు లేదు. చూడాలనుకునే వాళ్లు పూర్తి ఛార్జీ కట్టి రావాలని జనరల్ మేనేజర్ వాన్ హోర్న్ అన్నాడని చెబుతారు. 1885 నవంబరు 7న, బ్రిటిష్ కొలంబియాలోని క్రెయిగెల్లాకీలో, కంపెనీ డైరెక్టరు డొనాల్డ్ స్మిత్ మామూలు ఇనుప మేకు మీద సమ్మెట వేశాడు. మేకు వంగిపోయింది. తీసేసి ఇంకోటి పెట్టారు. గవర్నర్ జనరల్ కోసం చేయించిన వెండి మేకు ఉన్నా, ఆయన అంతకుముందే ఒట్టావా వెళ్లిపోవడంతో అది వాడుకలోకి రాలేదు. వాన్ హోర్న్ ప్రసంగం ఒకే వాక్యం: పని అన్ని విధాలా బాగా జరిగిందని మాత్రమే చెప్పగలను అన్నాడు. ప్రసంగాలు ఇచ్చే నాలాంటి వాళ్లకు అసూయ కలుగుతుంది.

ఖర్చు తగ్గినా ఫోటో తీరు మాత్రం మారలేదు. ఈ మార్గానికీ వేల మంది చైనా కార్మికులు పనిచేశారు, వందల మంది చనిపోయారు. అక్కడి ఫోటోలోనూ వాళ్లు లేరు. స్మిత్ వెనక తొంగిచూస్తున్న ఎడ్వర్డ్ మల్లన్‌డైన్ అనే కుర్రాడు ఉన్నాడు. ఎలాగో చొరబడి చోటు సంపాదించాడు. అదే 1885లో కెనడా ప్రభుత్వం చైనా నుంచి వచ్చేవాళ్ల మీద తలకు 50 డాలర్ల పన్ను వేసింది.

మళ్లీ ప్రోమాంటరీ. 1904లో గ్రేట్ సాల్ట్ లేక్ మీదుగా దగ్గరి దారి వేశాక ఈ లైనుకు పని తగ్గింది. 1942లో యుద్ధానికి ఇనుము కావాలని పట్టాలు పీకేశారు. పీకేటప్పుడు కూడా చివరి మేకును బయటికి లాగే వేడుక ఒకటి పెట్టారు! పెద్దమనుషులకు వేడుక అలవాటు పోదు.

1969లో శతాబ్ది ఉత్సవం. ఫిలిప్ చోయ్ అనే చైనీస్ అమెరికన్ చరిత్రకారుడికి మాట్లాడే అవకాశం ఇస్తామన్నారు, చివరికి ఇవ్వలేదు. రవాణా మంత్రి జాన్ వోల్పే మాత్రం ముప్పై అడుగుల మంచులో పది సొరంగాలు తొలవగలిగేది అమెరికన్లు కాక ఇంకెవరు అని గొప్పగా అడిగాడు. ఆ సొరంగాలు తొలిచిన చైనీయులను 1943 దాకా చట్టం అమెరికా పౌరులు కానివ్వలేదు. 1882 నుంచి చైనా కూలీలను దేశంలోకే రానివ్వలేదు. ఆ సభలో వింటూ కూర్చున్న చైనా కార్మికుల వారసులకు ఈ సంగతి బాగా తెలుసు. వాళ్లు పోరు వదల్లేదు. 2014లో అమెరికా కార్మిక శాఖ తన గౌరవ జాబితాలో చైనా రైలు కార్మికులను చేర్చింది.

2019 మే 10న, నూటయాభై ఏళ్ల వేడుకలో, ఆ కార్మికుల వారసులు ప్రోమాంటరీకి వచ్చారు. వేదిక మీద మాట్లాడిన రవాణా మంత్రి ఇలేన్ చావ్. వోల్పే కూర్చున్న కుర్చీలోనే ఉన్న ఆవిడ తైవాన్‌లో పుట్టిన చైనీస్ అమెరికన్. చైనా కార్మికుల శ్రమను ఆవిడ తన ప్రసంగంలో పేరుపెట్టి చెప్పారు.