రెండు క్రెడిట్ల చింతచెట్టు

శ్రోతలకు నమస్కారం.

డిగ్రీలో చేరిన పిల్లలకు సీనియర్లు మొదటి వారంలోనే ఒక మాట చెబుతారు. "దానికి రెండు క్రెడిట్లే. పరీక్ష ముందు రాత్రి చూసుకుంటే చాలు." క్రెడిట్లంటే పట్టాలో ఒక్కో పేపరుకు ఉండే బరువు. ఆ మాట పర్యావరణ శాస్త్రం గురించి. కంప్యూటర్ ప్రాథమిక నైపుణ్యాల గురించి. బీకాం విద్యార్థి బీకాం కాకుండా చదవవలసినవన్నీ ఆ మాట కిందికే వస్తాయి.

రెండు క్రెడిట్లే. ఆ "లే" అనే అక్షరం వింటే నాకు బాధ కలుగుతుంది. ఈ పది నిమిషాలూ దాని గురించే మాట్లాడతాను.

ఏ పట్టా తీసుకునేవారైనా తమ సబ్జెక్టుతో పాటు సైన్సు, సమాజం, సాహిత్యం కొంత చదవాలని 1948లో రాధాకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ గట్టిగా చెప్పింది. పర్యావరణాన్ని అందరికీ తప్పనిసరిగా బోధించాలని 1991లో సుప్రీంకోర్టు ఆదేశించింది. తర్వాత యూజీసీ, అంటే విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, పాఠ్యాంశం తయారుచేసింది. అప్పట్లో అందులో ఎనిమిది యూనిట్లు. ఏడు తరగతి గదిలోవి. ఎనిమిదోది మాత్రం బయటికి వెళ్లి చూడవలసింది: దగ్గరలోని నదో, చెరువో, కలుషితమైన చోటో చూసి రాయాలి. ఆ ఎనిమిదో యూనిట్ మీదే నాకు ప్రేమ.

నేను ముప్ఫై ఏళ్లు కామర్స్ బోధించాను. ఒక ఏడాది నా వర్క్‌లోడ్‌లో కొన్ని గంటలు తగ్గితే, ఎవరూ తీసుకోని పర్యావరణం పేపరును నాకు ఇచ్చారు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌ను ముంచిన వరదల తర్వాత, కాలేజీలు మళ్లీ తెరిచిన రోజులవి. ఏడు యూనిట్లు పుస్తకం చూసి చెప్పగలను. ఎనిమిదోదానికి ఏం చేయాలో తోచక, ఒక శనివారం పొద్దున నలభై మంది బీకాం పిల్లలను కోఠి నుంచి నడిపించుకుంటూ అఫ్జల్‌గంజ్ వైపు తీసుకెళ్లాను.

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో, మూసీ వైపున ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు నూట యాభై మందికి పైగా ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. దాని కింద నిలబడి పిల్లలకు ఆ సంగతి చెప్పాను. వరద తర్వాత విశ్వేశ్వరయ్యను పిలిపించారని, నీటిని ఊరికి ఎగువనే ఆపాలని ఆయన సలహా ఇచ్చారని, అందుకే మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, అంటే గండిపేట చెరువు, ఈసీ నది మీద 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయని చెప్పాను. గండిపేట నీళ్లు తాగి పెరిగిన పిల్లలే వాళ్లంతా. గండిపేట చెరువు ఎందుకు పుట్టిందో మాత్రం ఆ రోజే విన్నారు. ఒకమ్మాయి చెట్టు మొదలు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే నిలబడిపోయింది.

వెనక నిలబడ్డ ఒక అబ్బాయి మాత్రం ఏమీ మాట్లాడలేదు. నోటు పుస్తకం కూడా తెరవలేదు. తిరిగి వచ్చేటప్పుడు నా పక్కన నడుస్తూ, "మేడమ్, నేను మా ఇంటి గురించి రాయవచ్చా?" అని అడిగాడు. రాయమన్నాను.

వారం తర్వాత నాలుగు పేజీలు తెచ్చాడు. అక్టోబరు వరదలో వాళ్ల కాలనీ మునిగింది. ఇంటి గోడ మీద నీటి చార ఇంకా అలాగే ఉంది. వాళ్లమ్మగారి కుట్టు టేపుతో కొలిచి నాలుగు అడుగుల రెండు అంగుళాలు అని రాశాడు. ఎడమ పక్క మూడిళ్లు, కుడి పక్క రెండిళ్లు కూడా కొలిచాడు. వీధి చివరికి వెళ్లే కొద్దీ చార పైకి పోయింది. వీధి అటువైపు పల్లమన్నమాట. ఆ చివరింట్లో ఉన్న ఒక పెద్దాయనను అడిగితే, "ఇది కుంట కదా నాయనా, మా చిన్నప్పుడు ఇక్కడ బర్రెలను కడిగేవాళ్లం" అన్నారట. ఆ మాటను ఆ అబ్బాయి మార్చకుండా అలాగే రాశాడు.

చివరి పేజీలో నష్టాల జాబితా. బీకాం పిల్లవాడు కదా, ఫ్రిజ్ కొన్న ధర వేసి, తరుగుదల తీసి, మిగిలిన విలువ చూపించాడు. బియ్యం బస్తా, మంచం, తన ఇంటర్ సర్టిఫికెట్ల నకళ్లకు అయిన ఖర్చు, అన్నీ ఉన్నాయి. కుట్టుమిషన్ ఎదురుగా మాత్రం ఖాళీ వదిలేశాడు. ఎందుకని అడిగాను. "పాతది మేడమ్. తరుగుదల లెక్కేస్తే సున్నా వస్తోంది. కానీ మా ఇల్లు దాని మీదే నడిచేది. ఎంత వేయాలి?"

ముప్ఫై ఏళ్లుగా తరుగుదల పాఠం చెబుతున్నాను. ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. ఆ రోజు ఒక గంటసేపు తరగతి అంతా ఆ ఖాళీ గడి గురించే మాట్లాడుకున్నాం. ఆగిపోయిన రోజుల సంపాదన కలపాలని కొందరు, కొత్త మిషన్ ధరే వేయాలని కొందరు వాదించారు. పర్యావరణం పేపరు లేకపోతే నా కామర్స్ తరగతికి ఆ గంట దక్కేది కాదు. ఆ అబ్బాయికి తన వీధి కుంట అన్న సంగతి తెలిసేది కాదు.

అందుకే వింటున్న విద్యార్థులను ఒక్కటే కోరుతున్నాను. బయటికి వెళ్లి చూసి రాయవలసిన యూనిట్ రికార్డు కొనకండి. పక్కవాళ్లది చూసి ఎక్కించకండి. మిగతా యూనిట్లకు గైడు చదివినా నేను కోప్పడను. ఇది మాత్రం మీరే రాయండి. దూరం వెళ్లనక్కరలేదు. ఒక ఆదివారం సాయంత్రం, ఒక టేపు, ఒక నోటు పుస్తకం చాలు. మీ వీధిలో వాన నీరు ఎటు పారుతుందో, ఎక్కడ నిలుస్తుందో చూడండి. మురుగు కాలువ (నాలా) ఉంటే దాని వెడల్పు గట్టు మీద నుంచే అంచనా వేయండి, దిగకండి. వీధిలో అందరికంటే పెద్దవారి దగ్గర కూర్చుని, ఇళ్లు రాకముందు ఇక్కడ ఏముండేదని అడగండి. వారు చెప్పింది వారి మాటల్లోనే రాసుకుని, పక్కన ఆనాటి తేదీ వేయండి.

నమస్కారం.