తెలుగు పాటల సీడీలను విప్పర్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడం

నమస్కారమండి. ఇవాళ ఈ వీడియోలో మన పాటల సీడీలను కంప్యూటర్‌లోకి ఎక్కించుకుందాం. నేను వాడేది లైనక్స్. సాఫ్ట్‌వేర్ పేరు విప్పర్, ఓపెన్ సోర్స్. విండోస్ వాళ్లు ఫ్రీయాక్ వాడుకోండి, అదీ ఓపెన్ సోర్సే.

ముందు మీ దగ్గరున్నది అసలు ఆడియో సీడీయేనా, చూసుకోండి. అట్ట మీద 100 పాటలు, 150 పాటలు అని ఉంటే అది ఎంపీత్రీ డిస్క్. ఆడియో సీడీలో పట్టేది మహా అయితే 80 నిమిషాలు. ఎంపీత్రీ డిస్క్‌ని రిప్ చేయక్కర్లేదు, అంటే సీడీలోని పాటల్ని చదివి ఫైళ్లుగా మార్చే పని ఉండదు, ఉన్న ఫైళ్లు కాపీ చేసుకుంటే చాలు. వాటిని ఫ్లాక్‌లోకి, అంటే నాణ్యత తగ్గకుండా దాచే ఫైల్ రకంలోకి, మార్చకండి, సైజు పెరుగుతుంది తప్ప పోయిన నాణ్యత తిరిగి రాదు.

సరే. సీడీ తుడవండి. మెత్తటి గుడ్డతో, మధ్య నుంచి అంచుకి, ఇలా నిలువుగా. గుండ్రంగా తిప్పుతూ తుడవకండి. అలా గీత పడితే ఒకే చోట పొడుగునా డేటా పోతుంది.

ఇన్‌స్టాల్ చేయడం మామూలే, స్క్రీన్ మీద ఉంది. అయిపోయింది. సీడీ లోపల పెట్టండి, ట్రే మూయండి. ప్లేయర్ దానంతటదే తెరుచుకుంటే మూసేయండి. ఇప్పుడు టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే విండోలో, 'విప్పర్ డ్రైవ్ ఎనలైజ్' అని కొట్టండి. మళ్లీ చదవమన్నప్పుడు డ్రైవ్ నిజంగా డిస్క్‌నే చదువుతోందా, తన క్యాష్‌లో దాచుకున్నదే ఇస్తోందా అని చూస్తుంది. కొంచెం టైమ్ పడుతుంది, పట్టనివ్వండి.

ఇక ఆఫ్‌సెట్. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, నాకు బాగా టైమ్ పట్టింది ఇక్కడే. సీడీలో ఒక్క సెకనుకి 44,100 శాంపిళ్లు, అంటే ధ్వనిని కొలిచి రాసిన అంకెలు, ఉంటాయి. దాదాపు ప్రతి డ్రైవ్ మోడల్ కొన్ని శాంపిళ్లు అటో ఇటో జరిగి చదువుతుంది, ఆ తేడానే ఆఫ్‌సెట్. వినడానికి తేడా తెలియదు. కానీ మీ రిప్‌ని ఇంకొకరి రిప్‌తో పోల్చాలంటే ఆ తేడా సరిచేయాలి, లేకపోతే చెక్‌సమ్, అంటే డేటా నుంచి లెక్కగట్టే గుర్తింపు అంకె, కలవదు.

'విప్పర్ ఆఫ్‌సెట్ ఫైండ్' అని కొడితే అదే కనిపెడుతుంది. కాకపోతే ఆ సీడీ అక్యురేట్‌రిప్ డేటాబేస్‌లో ఉండాలి, అందరి రిప్‌ల చెక్‌సమ్‌లు దాచేది అక్కడే. మన తెలుగు సీడీలు అందులో చాలావరకు ఉండవు. చూడండి, దొరకలేదంటోంది. సీడీ మార్చి చూస్తాను... ఇదీ అంతే. డ్రైవ్ పాడైందని టెన్షన్ పడకండి, డ్రైవ్ బాగానే ఉంది.

అందుకని చేత్తోనే ఇద్దాం. 'విప్పర్ డ్రైవ్ లిస్ట్' కొట్టండి. మోడల్ నంబర్ వచ్చింది. ఇప్పుడు అక్యురేట్‌రిప్ సైట్‌లో డ్రైవ్ ఆఫ్‌సెట్ల పట్టిక తెరవండి, కంట్రోల్ ఎఫ్ నొక్కి వెతకండి. ఇక్కడ జాగ్రత్త. విప్పర్ నా డ్రైవ్‌ని హెచ్‌ఎల్-డీటీ-ఎస్‌టీ అంటోంది, పట్టికలో అదే ఎల్‌జీ ఎలక్ట్రానిక్స్ కింద ఉంటుంది. మట్‌షిటా అని వస్తే పానసోనిక్ కింద చూడాలి. కంపెనీ పేరుతో వెతికితే దొరకదు, మోడల్ నంబరుతోనే వెతకండి. ఇదిగో, ప్లస్ 6. ఇది నా డ్రైవ్‌కి. మీది వేరే ఉండొచ్చు, నాది చూసి 6 వేసేయకండి. రిప్ కమాండ్‌లో హైఫన్ చిన్న ఓ, పక్కన ఆ అంకె. అంతే.

ఇప్పుడు 'విప్పర్ సీడీ రిప్'. పొడుగు కమాండ్లు మళ్లీ మళ్లీ టైప్ చేయకండి, కంట్రోల్ ఆర్ నొక్కి రెండు అక్షరాలు కొడితే పాతది వచ్చేస్తుంది. నేను రోజంతా దాని మీదే బతుకుతాను.

ఆగిపోయింది. ఎందుకంటే ఈ సీడీ మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో, అంటే అందరూ కలిసి సీడీల వివరాలు చేర్చే ఆన్‌లైన్ డేటాబేస్‌లో, లేదు. ట్రాకులు ఎక్కడెక్కడ మొదలవుతాయో లెక్కగట్టి డిస్క్‌కి ఒక ఐడీ చేస్తారు, ఆ ఐడీ అక్కడ ఎవరూ చేర్చలేదన్నమాట. హైఫన్ పెద్ద యూ పెడితే పేర్లు లేకుండానే రిప్ అవుతుంది. నా మాట వినండి, అలా చేయకండి. విప్పర్ ఇక్కడ ఒక లింక్ ఇచ్చింది చూశారా, అది తెరిచి సీడీ వివరాలు మీరే చేర్చండి. అట్ట వెనక ఉన్న పాటల పేర్లు, గాయకులు, కంపెనీ, బార్‌కోడ్, అన్నీ. ఎంత చిన్న అక్షరాల్లో ఉన్నా వయొలిన్, మృదంగం వాయించినవాళ్ల పేర్లు వదలకండి. ఆ అట్ట పోతే ఆ పేర్లు ఇంకెక్కడా దొరక్కపోవచ్చు. తర్వాత ఇదే సీడీ పెట్టినవాళ్లకి అన్నీ సిద్ధంగా వస్తాయి.

సేవ్ చేశాను. మళ్లీ అదే కమాండ్... పేర్లొచ్చేశాయి. ప్రతి ట్రాక్‌నీ రెండుసార్లు చదివి, రెండు చెక్‌సమ్‌లూ కలిశాయా అని చూస్తోంది. డేటాబేస్‌లో లేని మన సీడీలకి ఇదే పెద్ద దిక్కు. రెండూ కలవకపోతే సీడీ తీసి, మళ్లీ తుడిచి పెట్టండి.

అయిపోయింది. ఫ్లాక్ ఫైళ్లు, పక్కనే రిప్ వివరాలు రాసిన లాగ్, ట్రాకుల హద్దులు రాసిన క్యూ ఫైలు. లాగ్ అనవసరం అనుకుని తీసేయకండి. ఇదే సీడీ ఉన్నవాళ్లు ఎవరైనా కనిపిస్తే చెక్‌సమ్‌లు పోల్చుకునేది అందులోనే.

ఫోన్‌కైతే ఫ్లాక్ బరువు, ఓపస్ అనే చిన్న సైజు ఫైల్ రకంలోకి చేసుకోండి. కమాండ్ 'ఓపస్ఎన్క్', బిట్‌రేట్ 128. గంట పాటలు దాదాపు 60 ఎంబీ, ఆండ్రాయిడ్‌లో చక్కగా మోగుతుంది. కారులో పాత స్టీరియో ఉంటే దానికి లేమ్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఎంపీత్రీ, నాణ్యత సెట్టింగ్ వీ2 చాలు. రెండూ ఫ్లాక్ నుంచే చేయండి, ఒకదాన్నుంచి ఇంకొకటి చేయకండి. కమాండ్లన్నీ కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాను, ఆఫ్‌సెట్ అంకె మాత్రం మీది వేసుకోండి.