జీఎస్టీ దొంగ బిల్లు కేసు: అరెస్టు ఎప్పుడు, కాటా చీటీ ఎందుకు దాచుకోవాలి

నమస్కారమండి. పాలకొల్లు, తాడేపల్లిగూడెం, మండపేట వైపు వ్యాపారస్తులు ఎక్కువగా అడిగేది ఇదే, స్టేట్ జీఎస్టీ వాళ్ళ నోటీసు వచ్చింది, లోపలేసేస్తారా అని. నోటీసు వచ్చినంత మాత్రాన ఎవర్నీ లోపలెయ్యరండి. లెక్కలో తేడా వచ్చి పన్ను తగ్గితే అది వడ్డీ, పెనాల్టీతో పోద్ది.

క్రిమినల్ కేసంటే జీఎస్టీ చట్టంలో 132 సెక్షన్. సరుకు లేకుండా బిల్లు రాయడం, ఆ బిల్లు మీద క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుని మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) వాడుకోవడం, వసూలు చేసిన పన్ను మూడు నెలలు దాటినా కట్టకపోవడం, ఇలాంటివి. ఎగ్గొట్టిన పన్ను 5 కోట్లు దాటితే 5 ఏళ్ళ దాకా జైలు, బెయిల్ కోర్టు చేతిలో ఉంటది. 2 నుంచి 5 కోట్లయితే 3 ఏళ్ళ దాకా. సరుకు లేని బిల్లులు రాసినోళ్ళకి మాత్రం కోటి దాటినా ఏడాది దాకా పడొచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. ఇనప తుక్కు కొన్నారనుకోండి, 18 శాతం పన్ను, అంటే 10 లక్షల సరుక్కి 1 లక్షా 80 వేలు క్రెడిట్. అమ్మినోడు బోగస్ అని తేలితే ఆఫీసరు మిమ్మల్ని అడిగేది ఒక్కటే, సరుకు నిజంగా వచ్చిందా? ఈవే బిల్లులో, అంటే సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే బిల్లులో, బండి నంబరు తీసి చూస్తారు, అది స్కూటర్‌దని తేలిన కేసులున్నాయి. లారీ రావులపాలెం మీదుగా వచ్చిందంటే ఈతకోట టోల్‌లో ఫాస్టాగ్ పడిందా అని చూస్తారు.

[స్క్రీన్ మీద: కాటా చీటీ]

ఈ చీటీ చూడండి, లారీని తూకం వేసే కాటా దగ్గర ఇస్తారు. లారీ నంబరు, లోడు బరువు, ఖాళీ బరువు, తేదీ, టైము. చాలామంది పారేస్తారు, లేకపోతే వానాకాలం చెమ్మకి అక్షరాలు వెలిసిపోతాయి. ఫోటో తీసి పెట్టుకోండి, బిల్లుతో కలిపి. ఎందుకంటే 135 సెక్షన్ ప్రకారం మీరు కావాలనే చేశారని కోర్టు ముందే అనుకుంటది, కాదని రుజువు చేసుకోవాల్సింది మీరే. ఇది చాలా బరువైన రూలండి, ఆ రోజున నోటిమాట పనికిరాదు, బ్యాంకులో కట్టిన డబ్బు, లారీ కిరాయి రసీదు, ఈ చీటీ, ఇవే నిలబడతాయి.

సమన్లు వస్తే వెళ్ళాలి, ఎగ్గొట్టకండి. కానీ ముందు లాయర్ని కలవండి, స్టేట్‌మెంట్ మొత్తం చదివాకే సంతకం పెట్టండి, పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు గానీ, ఈ ఆఫీసర్లు చట్టం దృష్టిలో పోలీసులు కాదు కాబట్టి అక్కడ చెప్పింది కోర్టులో వాడొచ్చు. రెయిడ్ టైములో ఇప్పుడే కట్టెయ్యమని బలవంతం చెయ్యకూడదని సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరి 27న రాధికా అగర్వాల్ కేసులో చెప్పింది, ఎఫ్ఐఆర్ లేకపోయినా ముందస్తు బెయిల్ అడగొచ్చని కూడా అందులోనే ఉంది. అరెస్టు చేస్తే కారణాలు కాగితం మీద ఇవ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. లోపలేసిన 60 రోజుల్లో కోర్టులో కేసు దాఖలు చెయ్యకపోతే బెయిల్ మీ హక్కు.

నాకు ఎక్కువ బాధ కూలీల గురించి. లోను ఇప్పిస్తామని ఆధార్, పాన్, కరెంటు బిల్లు పట్టుకెళ్ళి వాళ్ళ పేరున జీఎస్టీ నంబరు తీసుకుని దొంగ బిల్లులు రాస్తారు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగిందని అనుమానం వస్తే నోటీసు దాకా ఆగొద్దు, మీరే ముందు పోలీసులకీ, జీఎస్టీ ఆఫీసుకీ రాతపూర్వకంగా కంప్లైంట్ ఇచ్చి, రసీదు తీసుకోండి.