చెరువులో 9, పాయలో 6: గాలి కయాక్ రివ్యూ

నమస్తే అండీ. పోయిన నెల ఇదే కయాక్‌ని ఇక్కడ హైదరాబాద్‌లో చెరువులో నడిపి 10కి 9 మార్కులు ఇచ్చాను. ఇవాళ అందులో 3 వెనక్కి తీసుకుంటున్నా.

ఇది గాలి కొట్టుకునే ఇద్దరి కయాక్, అంటే తెడ్డుతో నడిపే సన్నటి పడవ. మడిస్తే కారు డిక్కీలో పట్టేస్తుంది. దాదాపు 500 కిలోమీటర్లు మోసుకెళ్లి, కాకినాడ దగ్గర తాళ్ళరేవు వైపు, మా ఫ్రెండ్ వాళ్ల బాబాయిగారి ఊళ్లో దింపాం. ఆయన చేపల వేటకు వెళ్తారు. పక్కనే కోరింగ అభయారణ్యం, అందులో మన ఇష్టమొచ్చినట్టు పడవ దింపడానికి లేదు. మేం వెళ్లింది ఊరి వైపు చిన్న పాయలోకి, అదీ ఆయన నావ వెనకే.

మన చెరువులు సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంటాయి. పొద్దున చూసిన నీళ్లే సాయంత్రమూ. పాయలో అలా కాదు. 6 గంటల చిల్లర పోటు, అంటే సముద్రపు నీళ్లు ఎక్కడం, మళ్లీ అంతసేపు ఆటు, అంటే దిగడం. పైగా ఆ వేళ రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. బాబాయిగారు ముందే చెప్పారు, పోటు ఎక్కేటప్పుడే బయల్దేరాలని. నేనేమో పెసరట్టు ఉప్మా దగ్గర గంటన్నర కూర్చున్నా.

దిగేసరికి ఆటు మొదలైంది. మొదటి గంట నీళ్లు పెద్దగా తగ్గినట్టే కనపడవు, మోసపోయేది అక్కడే. తగ్గాల్సిన నీళ్లలో పన్నెండో వంతే అప్పుడు పోతుంది. మూడో గంట, నాలుగో గంట కలిపితే సగం పోతుంది.

ఇదిగో, వీడియో ఇక్కడ ఆపుతున్నా. కయాక్ అడుగున చేప రెక్కలాంటి ఈ ఫిన్ చూడండి, జానెడు ఉంటుంది. చెరువులో తిన్నగా పోవడానికి నేను మెచ్చుకున్నది దీన్నే. మలుపులో దగ్గరి దారని లోపలి ఒడ్డు వైపు తిప్పాను. లోపలి వైపు మేట వేసి ఉంటుంది, లోతు బయటి ఒడ్డు కింద. ఫిన్ బురదలో దిగబడింది. తెడ్డుతో నెడితే తెడ్డే కూరుకుపోతోంది.

"ఆయ్, దిగమాకండి, మోకాలు దాకా పోద్ది!" అని బాబాయిగారు కేకేసి తాడు విసిరారు. ఆయన చేతిలో ఒక్క గెడ కర్ర, దాంతోనే లోతు చూస్తారు, దాంతోనే నెడతారు. లాగుతుంటే, పెన్సిళ్లలా పైకి పొడుచుకొచ్చిన మడ చెట్ల వేర్లు అడుగున గీసుకుంటున్న చప్పుడు. నా టెన్షన్ మామూలుగా లేదు. గీతలు పడ్డాయి గానీ చిల్లు పడలేదు, రబ్బరు మందానికి మార్కులు తగ్గించట్లేదు.

మర్నాడు బుద్ధిగా పోటుతో వెళ్లాం. మళ్లీ ఒకచోట తగులుకుంది. ఈసారి తెడ్డు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం. పది నిమిషాల్లో నీళ్లే లేపేశాయి. పోటు నిండకముందే వెనక్కి తిరిగాం.

చెరువుకైతే కళ్లు మూసుకుని కొనండి. పాయకైతే ఫిన్ ఊడదీయగలిగే మోడల్ చూసుకోండి, దీనికి అతికించేశారు. ఇంకోటి, ఉప్పునీళ్లలో తిప్పాక మంచినీళ్లతో కడగాలి. నేను కూకట్‌పల్లిలో మా బాల్కనీలో రెండు సార్లు కడిగినా వాల్వ్ సందులోంచి బురద వస్తూనే ఉంది. పక్కింటి ఆంటీ వచ్చి, "చేపలు ఎక్కడ తెచ్చారమ్మా?" అని అడిగి వెళ్లారు.