ఏ తలుపులోంచి వచ్చారు?

అందరికీ నమస్కారం.

శనివారం సాయంత్రం, బయట ఇంత మంచి ఎండ పెట్టుకుని, అమెరికాకి వలస వచ్చిన ఇజ్రాయెల్ వాళ్ల గురించీ పెరూ వాళ్ల గురించీ వినడానికి ఇంతమంది వచ్చారు. వెనక బల్ల మీది మిర్చి బజ్జీల పాత్ర ఎంతో నాకు తెలుసు, అయినా సంతోషం.

ఈ రెండు దేశాలే ఎందుకని ఫోన్‌లో ఒకరిద్దరు అడిగారు. దూరం వెళ్లక్కర్లేదు. న్యూజెర్సీలో మన ఎడిసన్ నుంచి ఉత్తరానికి కారులో ముప్పావుగంట వెళ్తే పాటర్సన్. అక్కడ మార్కెట్ స్ట్రీట్ చుట్టుపక్కల అంగళ్లన్నీ పెరూ వాళ్లవి. 2016లో ఆ చోటుకి పెరూ స్క్వేర్ అనే పేరే పెట్టారు. అక్కణ్నుంచి ఇంకో అరగంట తూర్పుకి పోతే టెనఫ్లై. పెద్ద పెద్ద చెట్లు, అంతకన్నా పెద్ద ఇళ్లు, పార్కులో పిల్లల్ని హీబ్రూలో కేకలేసే తల్లులు. రెండు ఊళ్లూ చూసొచ్చిన మా స్నేహితుడు ఒక్క ముక్కలో తేల్చేశాడు: "ఇజ్రాయెల్ వాళ్లది చదువుకునే జాతి, పెరూ వాళ్లది కాయకష్టం జాతి." ఆ మాటతో నాకు పేచీ ఉంది. ఈ ప్రసంగమంతా ఆ పేచీయే.

ముందు లెక్కలు. ఇజ్రాయెల్‌లో పుట్టి అమెరికాలో ఉంటున్నవాళ్లు లక్షకు పైచిలుకు. పెరూ మూలాలున్నవాళ్లు, ఇక్కడ పుట్టిన పిల్లలతో కలిపి, సుమారు 7 లక్షలు. ఇజ్రాయెల్ వాళ్ల పెద్దల్లో దాదాపు సగం మంది డిగ్రీ పట్టా ఉన్నవాళ్లే, ఆదాయం అమెరికా సగటు కంటే ఎక్కువ. పెరూ వాళ్లలో డిగ్రీ ఉన్నవాళ్లు మూడోవంతు. మూడోవంతు అంటే తక్కువనుకోకండి. అమెరికా మొత్తం సగటు కూడా ఇంచుమించు అంతే, లాటినోల సగటు కంటే చాలా ఎక్కువ. కాయకష్టం జాతి అన్న మాట ఇక్కడే సగం పడిపోయింది.

పైగా ఈ అంకెలకు చిల్లులున్నాయి. సోవియట్ యూనియన్‌లో పుట్టి, ఇజ్రాయెల్‌లోని హైఫాలో పదేళ్లుండి, తర్వాత లాస్ ఏంజెలెస్ చేరినాయన జనాభా లెక్కల్లో రష్యా ఖాతాలోనో ఉక్రెయిన్ ఖాతాలోనో పడతాడు. నజరెత్‌లో పుట్టిన అరబ్బు ఇజ్రాయెల్ ఖాతాలో పడతాడు. ఒక్క గంపలో ఎన్ని రకాల కాయలున్నాయో చూడకుండా గంప తూకం చెప్పేస్తే ఎలా?

1980ల్లో ఈ రెండు దేశాలకూ ఒకే జబ్బు చేసింది, ధరల జబ్బు. 1984లో ఇజ్రాయెల్ ద్రవ్యోల్బణం 400 శాతం దాటింది. 1985 జూలైలో గట్టి మందు వేసి ఆపారు. వెయ్యి పాత షెకెళ్లకు ఒక కొత్త షెకెల్ ఇచ్చారు. పెరూలో ఆపే నాథుడు లేకపోయాడు. 1990లో ద్రవ్యోల్బణం 7 వేల శాతం పైన. అంటే రూపాయి అరటిపండు ఏడాది తిరిగేసరికి డెబ్బై రూపాయలు దాటిందన్నమాట. 1991లో పది లక్షల ఇంటీలకు ఒక కొత్త సోల్. దానికి తోడు సెందెరో లుమినోసో అనే మావోయిస్టు దళం తిరుగుబాటు, సైన్యం ఊచకోతలు. మొత్తం చనిపోయినవాళ్లు దాదాపు 69 వేలని 2003లో సత్యశోధన కమిషన్ తేల్చింది. అందులో ఎక్కువమంది కొండల్లో క్వెచువా మాట్లాడే పల్లె జనం. అలాంటి రోజుల్లో రాజధాని లిమాలో జీతం అందుకున్న మేష్టారు సాయంత్రానికల్లా దాన్ని బియ్యంగా మార్చుకోవాలి, ఆలస్యమైన కొద్దీ తక్కువే వస్తాయి. ఆ మేష్టరే తర్వాత పాటర్సన్‌లో రాత్రిపూట ఆఫీసులు తుడిచాడు.

పాటర్సన్‌కే ఎందుకొచ్చారంటే, అది పట్టు మిల్లుల ఊరు. పసాయిక్ జలపాతం పక్కన పుట్టిన పారిశ్రామిక పట్టణం. 1950లు, 60ల్లో బట్టల మిల్లుల్లో పనికి కొందరు లిమా వాళ్లు వచ్చారు. ఒకడి వెనక ఒకడు, తమ్ముడి వెనక మరదలు. అసలు వరద వచ్చే 1980ల చివరికి మిల్లులు మూతపడుతున్నాయి. నాకు ముల్లులా గుచ్చుకునే తేదీ ఒకటుంది. 1986లో అమెరికా ప్రభుత్వం కాగితాల్లేని లక్షలాది మందికి క్షమాభిక్ష పెట్టింది. షరతు ఏమిటంటే 1982 జనవరి 1కి ముందే వచ్చి ఉండాలి. పెరూ తగలబడింది ఆ తర్వాత. 1980లో వచ్చిన అన్నకి గ్రీన్ కార్డు, 1988లో వచ్చిన తమ్ముడికి ఇరవై ఏళ్ల భయం. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే వంట తిని పెరిగిన ఇద్దరు. మరి ఏ జాతి లక్షణం వాళ్లని విడదీసింది?

ఇప్పుడు ఇజ్రాయెల్ వాళ్ల దగ్గరికొద్దాం. మనం వాళ్లని టెనఫ్లై ఇళ్లలోనే చూస్తున్నాం. నేను మొదట చూసింది అక్కడ కాదు. 1990ల మొదట్లో న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో ఇల్లు మారుతుంటే సామాను మోయడానికి ముగ్గురు కుర్రాళ్లు వచ్చారు. ముగ్గురూ అప్పుడే మిలటరీ సర్వీసు ముగించుకుని వచ్చిన ఇజ్రాయెలీలు. మా గ్రైండరు రాయి నాలుగో అంతస్తు నుంచి దింపుతూ ఒకడు హీబ్రూలో ఏదో అన్నాడు, మిగతా ఇద్దరూ పగలబడి నవ్వారు. అర్థం ఇప్పటికీ తెలీదు, మంచి మాట అయ్యుండదు. ఆ రోజుల్లో న్యూయార్క్‌లో సామాను బళ్లు, ట్యాక్సీలు వాళ్ల చేతుల్లో చాలా ఉండేవి. వీసా గడువు దాటినవాళ్లూ తక్కువేం లేరు. టెల్ అవీవ్ వదిలి వచ్చినవాళ్లని సొంత దేశమే చిన్నచూపు చూసింది. ఇజ్రాయెల్‌కు వెళ్లడాన్ని హీబ్రూలో ఎక్కడం అంటారు, వదిలి రావడాన్ని దిగడం అంటారు. దిగినవాళ్లు "యొర్దీమ్". 1976లో ప్రధాని ఇత్జాక్ రాబిన్ టీవీలో వాళ్లని నేలరాలిన పిరికిపందలన్నంత మాట అన్నాడు. తర్వాత ఆ మాట వెనక్కి తీసుకున్నాడు, అది వేరే కథ.

మరి సామాన్లు మోసిన జనం అంకెల్లో అంత పైకి ఎలా వెళ్లారు? చాలావరకు, వాళ్లు కాదు వెళ్లింది. వాళ్ల తర్వాత వేరే జనం వచ్చారు. 1990ల నుంచి ఇజ్రాయెల్ సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఇక్కడ ఆఫీసులు తెరిచి, సొంత ఇంజనీర్లని కంపెనీ వీసాల మీద పంపాయి. విమానం దిగేసరికే ఉద్యోగం, జీతం, ఇన్సూరెన్సు. సైన్యంలో సిగ్నళ్ల గూఢచర్యం చేసినవాడికి సిలికాన్ వ్యాలీ ఎర్ర తివాచీ. సగటు పెరిగింది, జాతి మారలేదు. వచ్చే తలుపు మారింది.

ఇంకొకటుంది, దీన్ని మనవాళ్లు పట్టించుకోరు. ఇజ్రాయెలీ దిగేసరికి ఇక్కడ యూదుల బళ్లు, ఆసుపత్రులు, అప్పిచ్చే సంఘాలు వందేళ్ల నుంచి ఉన్నాయి. అమెరికా యూదులతో వాళ్లకి పడదు, గుడికి వెళ్లేది తక్కువ, అయినా ఆ నీడ ఉంది. పెరూ వాళ్లకి అలాంటి గొడుగు లేదు, సొంతంగా కుట్టుకున్నారు. అక్టోబరులో పాటర్సన్ వెళ్లండి. ఊదారంగు అంగీలు వేసుకుని అద్భుతాల ప్రభువని వాళ్లు పిలుచుకునే క్రీస్తు పటానికి ఊరేగింపు తీస్తారు. పల్లకీ మోసేవాళ్లు వంతులవారీగా మారుతుంటారు, మన ఊళ్లో రథం లాగినట్టే. జూలై చివర్లో స్వాతంత్ర్య దినోత్సవ పెరేడ్. ఆ సంఘంలోనే పని దొరుకుతుంది, అద్దెకి గది దొరుకుతుంది, పిల్ల సంబంధం కూడా కుదురుతుంది. ఆదాయాల పట్టికలో ఇది ఏ గడిలో రాస్తాం?

ఓటు సంగతి ఇంకా తమాషా. పెరూ వాళ్లు ఇక్కడి కాన్సులేట్ల ద్వారా తమ దేశ ఎన్నికల్లో ఓటేస్తారు. ఇంకాల సామ్రాజ్యంలో నాలుగు దిక్కుల నాలుగు సీమలుండేవి, బయట బతుకుతున్న జనాన్ని ఐదో సీమ అంటారు. ఎంత అందమైన మాట! వాళ్లు ఇంటికి పంపే డబ్బు ఏటా 300 కోట్ల డాలర్ల పైన, అందుకూ ఆ అందం అనుకోండి. ఇజ్రాయెలీ ఓటెయ్యాలంటే విమానం ఎక్కి వెళ్లాల్సిందే. కానీ తిరిగొస్తే విదేశీ ఆదాయం మీద పదేళ్లు పన్ను లేదని 2008లో చట్టం మార్చారు. 1976 నాటి పిరికిపందలు ముప్పై ఏళ్లలో పన్ను రాయితీకి పాత్రులయ్యారు.

మా స్నేహితుడు ఇంతదాకా విని, "అయినా సంస్కృతి అనేది ఉంటుంది కదా" అన్నాడు. ఉంటుంది. అందుకే పెరూ వాళ్లనే పట్టుకుని వేర్వేరు తలుపుల్లోంచి పంపి చూద్దాం. చరిత్ర ఆ పరీక్ష మనకోసం చేసిపెట్టింది.

ఒక తలుపు వయోమింగ్, యూటా, ఐడహో కొండల్లో ఉంది. పెరూలో హువాంకాయో వైపు పల్లెల నుంచి గొర్రెల కాపరులు తాత్కాలిక వ్యవసాయ వీసా మీద వస్తారు. చక్రాల మీది చిన్న బండిలో కాపురం, పలకరించడానికి కుక్క, గుర్రం. 2015లో నిబంధన మారేదాకా చాలా రాష్ట్రాల్లో జీతం నెలకి 750 డాలర్ల దగ్గర ఉండేది, పని వేళలు ఇరవైనాలుగు గంటలూ. గొర్రెలు రాత్రిళ్లు కూడా గొర్రెలే కదా. ఆ వీసా ఎన్నిసార్లు కొత్తగా తీసుకున్నా దానంతట అది గ్రీన్ కార్డు కాదు. నిపుణులు, కష్టజీవులు, లెక్కల్లో కనిపించరు.

ఇంకో తలుపు జపాన్. 1990 జూన్‌లో రెండు సంగతులు జరిగాయి. జపాన్ కొత్త వలస చట్టం అమల్లోకొచ్చి, జపాన్ సంతతి వాళ్లకి మూడో తరం దాకా ఉండి పనిచేసుకునే వీలిచ్చింది. అదే నెలలో జపాన్ సంతతి అల్బెర్తో ఫుజిమోరి పెరూ అధ్యక్షుడిగా గెలిచాడు. ఒక జపాన్ వంశస్థుడు లిమాలో రాజభవనం ఎక్కుతుంటే, వేలమంది అదే వంశస్థులు తాతల దేశంలో కారు విడిభాగాల ఫ్యాక్టరీలకి బయల్దేరారు. జపనీస్ ఇంటిపేరు కాగితాలు కొనుక్కుని వెళ్లినవాళ్లూ ఉన్నారు. జీతం బాగుంది. పిల్లల సంగతి బాగాలేదు. జపాన్‌లో నిర్బంధ విద్య విదేశీ పిల్లలకి వర్తించదు, బడి మానేస్తే అడిగేవాడు లేడు. 2009 మాంద్యంలో ఉద్యోగాలు పోతే, తిరిగి వెళ్లిపోతే పనివాడికి 3 లక్షల యెన్లు, అతని మీద ఆధారపడ్డవాళ్లకి తలకి 2 లక్షలు ఇస్తామంది ప్రభుత్వం. రక్తం చూసి పిలిచారు, రక్తం చూడకుండా పంపారు.

మూడో తలుపు వింటే మీరు నమ్మరు. సెగుందో వియనువేవా అనే కహమార్కా మనిషి, పుట్టుకతో కేథలిక్. బైబిలు చదివి చదివి, ఇందులో చెప్పిన ధర్మం యూదులది కదా అనుకున్నాడు. చుట్టూ మనుషులు చేరారు. త్రుహియోలో కొన్ని కుటుంబాలు శనివారం పని మానేసి, పంది మాంసం మానేసి, ఏళ్లపాటు తమంతట తాము యూదుల్లా బతికారు. లిమాలోని పాత యూదు కుటుంబాలు వీళ్లని గడప ఎక్కనివ్వలేదు. 1989లో ఇజ్రాయెల్ నుంచి రబ్బీలు, అంటే యూదు మతగురువులు, వచ్చి మతం ఇచ్చారు. 1990లో మొదటి గుంపు ఇజ్రాయెల్ చేరింది. యూదులెవరైనా వచ్చి స్థిరపడొచ్చన్న 1950 నాటి ఇజ్రాయెల్ చట్టం ప్రకారం వచ్చీ రాగానే పౌరసత్వం, హీబ్రూ పాఠాలు, ఇంటి సాయం. అయితే ఆ ఇల్లు ఎలోన్ మోరేలో, ఆక్రమిత వెస్ట్ బ్యాంక్ కొండ మీద. పక్క ఊరి పాలస్తీనా రైతుకి ఈ త్రుహియో వడ్రంగి ఎవరుగా కనిపించాడో ఆలోచించండి. పెరూలో అడుగున ఉన్నవాడు అక్కడ మెట్టు పైకెక్కాడు, ఆ మెట్టు ఇంకొకరి భూమిలో ఉంది. ఆర్థిక ఫలితం బాగుందనాలా? నాకు ఆ వాక్యం రాయడానికి చెయ్యి రాదు.

ఇక్కడ గుంటూరు వాళ్లెవరైనా ఉన్నారా? చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం. అక్కడ తెలుగు మాట్లాడే కొన్ని దళిత కుటుంబాలు తాము బెనె ఎఫ్రాయిమ్ అనీ, ఇజ్రాయెల్ తప్పిపోయిన గోత్రాల్లో ఒకటనీ చెబుతాయి. సినగాగ్, అంటే యూదుల గుడి, కట్టుకున్నారు, హీబ్రూ ప్రార్థనలు నేర్చుకున్నారు. త్రుహియో వాళ్లు చేసిందే వీళ్లూ చేశారు. ఒక సమాజంగా వీళ్లకి ఆ తలుపు తెరుచుకోలేదు.

తెలుగువాళ్లకి ఇజ్రాయెల్‌లో తెరుచుకున్న తలుపు వేరే. మా ఊరు జగిత్యాల పక్క. మా చిన్నాయన కొడుకు పదిహేనేళ్లు దుబాయిలో షట్టరింగ్ పని చేశాడు. నాకంటే తెలివైనవాడు, చిన్నప్పుడు నా లెక్కలు వాడే చేసిపెట్టేవాడు. నాకు ఇంజనీరింగ్ సీటు, వాడికి ఏజెంటు. మా ఇద్దరి సగటు ఆదాయం తీసి "జగిత్యాల వాళ్లు" అని రాస్తే ఎంత నిజమో పాటర్సన్, టెనఫ్లై లెక్కలూ అంతే నిజం. 2024లో హైదరాబాద్‌లోనే ఇజ్రాయెల్ నిర్మాణ పనులకి ఎంపికలు జరిగాయి. షట్టరింగ్, ఇనుము వంచడం, టైల్స్, ప్లాస్టరింగ్. వాడి వయసు దాటిపోయింది, కొడుకుని పంపుదామా అని నాకు ఫోన్ చేశాడు.

అంతకుముందు నుంచే నిజామాబాద్, జగిత్యాల వైపు వాళ్లు టెల్ అవీవ్ దగ్గర రమత్ గన్‌లో ముసలివాళ్లని చూసుకునే పనిలో ఉన్నారు. ఆ వీసా మామూలుగా 63 నెలలు. ఆ తర్వాత, చూసుకుంటున్న పెద్దాయనకి ఇంకా వీళ్ల అవసరముంటే, ఆయన బతికున్నన్నాళ్లు పొడిగిస్తారు. మా వదిన వరసావిడ ఒకామె అక్కడుంది. పోయిన దసరాకి వీడియో కాల్ చేసినప్పుడు, ఇంటికెప్పుడొస్తావు అని అడిగాను. "మా తాతకి తొంభై రెండు, ఇయ్యాల కూడా పొద్దున రెండు గుడ్లు తిన్నడు" అంది.

బజ్జీలు చల్లారిపోతున్నట్టున్నాయి. ప్రశ్నలుంటే తింటూ అడగండి.